రాత్రి గుర్రాన్ని ఎక్కడ కట్టాలి? కొండ క్యాంపుల కోసం నాలుగు సరంజామాల సమీక్ష

గుర్రాలతో కొండల్లో క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది డేరా గురించి నెలరోజులు వెతుకుతారు. గుర్రం రాత్రంతా ఎక్కడ నిలబడాలన్నది మాత్రం అక్కడికి వెళ్లాక చూసుకుందామనుకుంటారు. పగలంతా జీను కింద బుద్ధిగా నడిచిన జంతువే చీకటి పడి, తోటి గుర్రం కనబడకపోతే తాడు తెంచుకునేదాకా లాగుతుంది. కొత్త చోటు, కొత్త వాసనలు, ఏటి హోరు. రాత్రి కట్టు సరిగ్గా లేకపోతే ఇద్దరికీ నిద్ర ఉండదు, మర్నాడు సవారీ కూడా ఉండదు.

అందుకే ఈ సమీక్షలో డేరాలు, పొయ్యిలు లేవు. అమెరికాలో హార్స్ క్యాంపులకు వెళ్లేవాళ్లు కొనే నాలుగు రకాల సరంజామా మాత్రమే ఉంది: రెండు చెట్ల మధ్య ఎత్తున కట్టే హైలైన్ కిట్, ట్రైలర్‌కి బిగించే స్ప్రింగు చేయి, ప్యానెళ్లతో పేర్చే మడత కంచె, బ్యాటరీతో నడిచే కరెంటు కంచె. తీర్పు ముందే చెప్పేస్తే, ఒక్కటే కొనగలిగితే హైలైన్ కొనండి. కాకపోతే పెట్టెలో వచ్చిన కిట్టుని వచ్చినట్టే వాడకండి. అందులో మార్చుకోవలసినవి ఉన్నాయి.

మన ఊళ్లలో ఎద్దునో గేదెనో పలుపుతో గూటానికి కట్టేసి వదిలేయడం చూసి పెరిగినవాళ్లకి ఇదంతా అతిగా అనిపించవచ్చు. ఎద్దు కాలికి తాడు చుట్టుకుంటే ఆగి నిలబడుతుంది. గుర్రం ఆగదు. బెదిరితే పరుగెత్తడమే దాని స్వభావం. కాలికి తాడు చుట్టుకున్న క్షణం నుంచి తెగేదాకా గుంజుతుంది. డెక్కకి పైన, చీలమండ వెనక చర్మం తాడు రాపిడికి కాలిపోయినట్టు ఊడివస్తుంది. ఆ గాయం మానడానికి వారాలు పడుతుంది. నేలకి దగ్గరగా, పొడుగ్గా కట్టడం పశువులకి సరిపోయే పద్ధతి. గుర్రానికి తాడు తలకన్నా ఎత్తు నుంచి రావాలి, పొట్టిగా ఉండాలి. హైలైన్ వెనకున్న ఆలోచన ఇదే.

హైలైన్ కిట్

పెట్టెలో సాధారణంగా ఉండేవి ఇవి: చెట్లకి చుట్టే వెడల్పాటి పట్టీలు రెండు, 50 అడుగుల మోకు ఒకటి, మోకు మధ్యలో గుర్రాన్ని తగిలించడానికి లోహపు బిళ్లలు రెండు. వీటినే 'నాట్ ఎలిమినేటర్' అని అమ్ముతారు. బరువు తక్కువ. అంతా ఒక జీను సంచిలో పడుతుంది. రెండు గుర్రాల కిట్టు వంద డాలర్లకి అటూ ఇటూగా దొరుకుతుంది.

పట్టీ వెడల్పు కనీసం రెండు అంగుళాలుండాలి. సన్నని తాడు నేరుగా చెట్టుకి కడితే బెరడు కింద ఉన్న మెత్తని పొర నలిగిపోతుంది. చుట్టూ నలిగితే చెట్టు చచ్చిపోతుంది. అందుకే చాలా అటవీ క్యాంపుల్లో పట్టీ లేకుండా చెట్టుకి కట్టడం నిషేధం. పట్టీని ఒక్క చుట్టు కాకుండా రెండు చుట్లు తిప్పి కొక్కెం తగిలించండి. ఒక్క చుట్టయితే గుర్రం గుంజినప్పుడల్లా బెరడు మీద గీరుకుంటూ కిందికి జారుతుంది. పట్టీతో పాటు మోకూ దిగుతుంది.

మోకు దగ్గరే చౌక కిట్లు దెబ్బతింటాయి. అరంగుళం మందం, పాలియెస్టర్, అల్లిక గట్టిది అయితే మంచిది. నైలాన్ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. సాయంత్రం ఏడడుగుల ఎత్తున కట్టిన నైలాన్ మోకు అర్ధరాత్రి వాన తరవాత గుర్రం మెడ దగ్గరికి దిగిపోతుంది. పాలీప్రొపిలీన్ మోకుకి ముడి నిలవదు, ఎండకి పెళుసెక్కుతుంది. పసుపు రంగులో మెరుస్తూ, చేతికి బిరుసుగా, ఉండాల్సినదానికన్నా తేలిగ్గా ఉంటే అది చాలావరకు పాలీప్రొపిలీనే. కిట్టులో వచ్చిన మోకు నైలానైతే దాన్ని సామాను కట్టుకోవడానికి ఉంచుకుని, మోకు విడిగా కొనుక్కోండి. మార్చవలసినవాటిలో మొదటిది ఇది.

రెండోది కొక్కేలు. తాళంచేతులకి వాడేలాంటి అల్యూమినియం కొక్కేలు కొన్ని కిట్లలో వస్తున్నాయి. వాటిని పారేయండి. కొండలెక్కేవాళ్లు వాడే, 22 కిలోన్యూటన్లని (అంటే దాదాపు 2,200 కిలోల లాగుడికి ఆగుతాయని) చెక్కి ఉన్న కారబైనర్లు తీసుకోండి. ఇంత బలం ఎందుకంటే, అడ్డంగా బిగించిన మోకు మీద పడే లాగుడు మనం ఊహించేదానికన్నా చాలా ఎక్కువ. గుర్రం మోకు మధ్యలో 50 కిలోల బలంతో కిందికి గుంజిందనుకుందాం. మోకు రెండువైపులా 5 డిగ్రీలే వాలితే, ఒక్కో చెట్టు వైపు పడే లాగుడు దాదాపు 290 కిలోలు. వీణ తీగలా బిగించి 2 డిగ్రీలే వాలనిస్తే, అదే 50 కిలోల గుంజుడికి 700 కిలోలు దాటుతుంది. బిగించడానికి రాచెట్, అంటే పళ్లచక్రం ఉన్న బిగింపు సాధనం, వాడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఎంత బిగిస్తే అంత మంచిదన్నది ఇక్కడ పొరపాటు. మోకు తెగకపోయినా, బలహీనమైన కొక్కెం విరిగి రాయిలా ఎగిరివస్తుంది.

కాబట్టి కొంచెం వాలుతుందని ఒప్పుకుని, ఆ లెక్క ముందే వేసుకోవాలి. చెట్ల మధ్య 40 అడుగుల దూరంలో 5 డిగ్రీల వాలు అంటే మధ్యలో ఇంచుమించు పావు తక్కువ రెండడుగులు దిగడం. దిగాక కూడా మోకు గుర్రం తలకి పైన, ఏడడుగుల ఎత్తున ఉండాలి. అంటే చెట్టు దగ్గర పట్టీని దాదాపు తొమ్మిదడుగుల ఎత్తున కట్టాలి. చిన్న మడత నిచ్చెనో స్టూలో లేకుండా ఇది కుదరదు. ట్రైలర్‌లో దానికి చోటుంచండి. గుర్రం మీద నిలబడి కట్టే వీడియోలు చాలా ఉన్నాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి.

కట్టే వరస ఇది. ముందు చెట్లు ఎంచుకోండి: ఛాతీ ఎత్తులో కాండం అడ్డుకొలత కనీసం ఎనిమిది అంగుళాలు, బతికున్న చెట్లు, ఏటికో చెరువుకో 200 అడుగుల దూరం, నేల చదునుగా, గట్టిగా, వేళ్లు పైకి తేలకుండా. రెండో చెట్టు చూసే ముందు తలెత్తి పైకి చూడండి. ఎండు కొమ్మలుంటే ఆ చోటు వదిలేయండి. అమెరికా తూర్పున టెన్నెసీ, నార్త్ కరొలైనా రాష్ట్రాల సరిహద్దులో ఉన్న స్మోకీ కొండల్లో ఇది మరీ ముఖ్యం. ఊలీ అడెల్జిడ్ అనే పురుగు అక్కడి పార్కులో 2002లో కనబడింది. అప్పటినుంచి హెమ్లాక్ చెట్లు ఎన్నో నిలబడ్డచోటే చచ్చిపోయాయి. దూరం నుంచి దృఢంగానే కనిపిస్తాయి, గట్టిగా గుంజితే కొమ్మలు రాలతాయి.

పట్టీలు కట్టాక, మోకుని ఒక చివర కారబైనర్‌కి ముడివేసి, రెండో చివర లారీల మీద సరుకు బిగించే ముడితో లాగండి. అమెరికాలో దీన్ని ట్రక్కర్స్ హిచ్ అంటారు. ఒక్క మనిషి బరువు వేసి లాగినంత బిగువు చాలు. బిగించకముందే లోహపు బిళ్లల్ని మోకులోకి ఎక్కించి చోటు చూసుకోండి. చెట్టుకీ మొదటి బిళ్లకీ మధ్య కనీసం 8 అడుగులు, రెండు బిళ్లల మధ్య 12 అడుగులు. అంటే రెండు గుర్రాలకి చెట్ల మధ్య దూరం 28 అడుగులకి తగ్గకూడదు. ఒకదానికొకటి కొత్త గుర్రాలైతే 12ని 15 చెయ్యండి. ముక్కులు కలుసుకునేంత దగ్గరుంటే పర్వాలేదు, పిర్రలు తన్నుకునేంత దగ్గరుంటే పర్వా ఉంది. మూడు గుర్రాలకి 40 అడుగులు కావాలి. నాలుగోదాన్ని అదే మోకుకి కట్టకండి. ఒకటి గుంజితే మిగతా మూడూ ఉలిక్కిపడతాయి.

బిళ్ల కింద తిరిగే స్వివెల్ ఉండాలి. లేకపోతే గుర్రం గుండ్రంగా తిరిగే కొద్దీ తాడు మెలిపడి పొట్టిదైపోతుంది, తెల్లారేసరికి గుర్రం తల పైకెత్తి నిలబడి ఉంటుంది. కొన్ని కంపెనీలు బిళ్ల బదులు మోకు మీద జారే ఉంగరం ఇస్తున్నాయి. గుర్రం అటూ ఇటూ నడవచ్చని ప్రకటన. నడుస్తుంది, నిజమే. నడిచి చెట్టు దాకా పోయి దాని చుట్టూ తిరుగుతుంది, లేదా పక్కగుర్రం తాడులో తన తాడు కలిపేస్తుంది. ఉంగరాల కిట్టు కొనకండి. ఇంట్లో ఇప్పటికే ఉంటే ఉంగరం తీసేసి, ఆల్పైన్ బటర్‌ఫ్లై ముడితో మోకులోనే గట్టి కన్ను వేసుకోండి. స్వివెల్ మాత్రం విడిగా తెచ్చుకోవాలి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ తప్పు జరిగే చోటు, తాడు పొడవు. గుర్రం లేకుండా తాడు వదిలేస్తే, కింది కొక్కెం నేలకి మూరెడు ఎత్తున వేలాడాలి. అప్పుడు గుర్రం నేల మీది గడ్డి అందుకోగలుగుతుంది, తల వాల్చి పడుకోనూగలుగుతుంది, కాలు మాత్రం తాడు దాటి పడదు. జాలిపడి ఇంకో రెండడుగులు వదిలితే ముందుకాలు తాడు మీదుగా వెళ్లిపోతుంది. భయపడి రెండడుగులు తగ్గిస్తే గుర్రం పడుకోలేదు. నిలబడి కునుకు తీస్తుందిగానీ, గాఢనిద్రకి రోజులో కాసేపైనా పడుకోవలసిందే. ఒక రాత్రికి ఏమీ కాదు. రాత్రులు గడిచేకొద్దీ సవారీలో అడుగులు తడబడటం మొదలవుతుంది. మోకు వాలు సర్దుకున్నాక, గుర్రాన్ని కట్టి తల కిందికి దించి చూసి, అప్పుడు మళ్లీ కొలవండి.

తలకట్టు, అంటే హాల్టర్, ఎలాంటిదన్న దానిమీద గుర్రాలవాళ్లు ఎప్పటికీ ఒక్కమాట మీదికి రారు. సన్నతాడు హాల్టర్ తెగదు, ముళ్లు మొహం మీద నొక్కుతాయి, రాత్రంతా ఉంచితే పుండ్లు పడతాయి. వెడల్పాటి నైలానూ తెగదు. తలవెనక భాగం తోలుతో ఉన్నది రాత్రికి సరైనదని ఈ సమీక్ష అభిప్రాయం. ప్రాణం మీదికి వస్తే తోలు తెగుతుంది, మెడ విరగదు. తెగితే గుర్రం వదులైపోతుంది, అందుకే హాల్టర్‌కి ఫోను నంబరున్న బిళ్ల తగిలించండి. మొలలో కత్తి ఉంచుకోండి, మోకు కోయవలసి రావచ్చు.

ముఖ్యమైన మాట ఇంకొకటి: క్యాంపుకి వెళ్లిన రాత్రే మొదటిసారి హైలైన్ మీద కట్టకండి. లాయంలోనే మూడు నాలుగు సాయంత్రాలు, మొదట గంట, తరవాత మూడు గంటలు, గడ్డి వేసి అలవాటు చెయ్యాలి.

ఆకులు చూసి కట్టాలి

కిట్టు ఎంత మంచిదైనా, ఏ చెట్ల మధ్య కట్టారన్నది ఇంకా పెద్ద విషయం. విసుగెత్తిన గుర్రం మెడ చాపినంత మేరా ఉన్నదంతా కొరుకుతుంది. అప్పలాచియన్ కొండల్లో రోడోడెండ్రాన్, మౌంటెన్ లారెల్ పొదలు ఏటిపొడవునా ఉంటాయి, రెండూ విషమే. రెడ్ మేపుల్ చెట్టు పచ్చి ఆకుతో అంత భయం లేదుగానీ, కొమ్మ విరిగి వాడిన ఆకు తింటే రక్తంలోని ఎర్రకణాలు చితికిపోతాయి. మూత్రం ముదురు గోధుమరంగులోకి మారుతుంది. వెంటనే పశువైద్యుడు కావాలి. బ్లాక్ చెర్రీ వాడిన ఆకుల్లో సయనైడ్ పుడుతుంది. గాలివాన తరవాత ఈ రెండు చెట్ల కొమ్మలు రాలి ఉంటే, మోకు కింద మెడ అందేంత వరకూ ఏరి పారేయండి. పడమటి రాష్ట్రాల్లో లార్క్‌స్పర్, లోకోవీడ్, లూపిన్ అనే విషపు మొక్కలు ఆ పాత్ర పోషిస్తాయి.

ట్రైలర్ చేయి

గట్టి ఫైబర్ కడ్డీని ట్రైలర్ పైభాగాన బిగిస్తారు. అది అడ్డంగా చాచుకుని, చివర నుంచి తాడు వేలాడుతుంది. గుర్రం గుంజితే కడ్డీ వంగి మళ్లీ లేస్తుంది. తలకి పైనుంచి తాడు రావాలన్న నియమం ఇక్కడ చెట్లు లేకుండానే నెరవేరుతుంది. గడ్డిమైదానం లాంటి క్యాంపుల్లో, చెట్టుకి ఏదీ కట్టకూడదన్న చోట్లలో ఇది బాగా పనికొస్తుంది. ఈజీకేర్ వాళ్ల హైటై ఈ రకంలో పేరున్నది.

బిగించేందుకు ట్రైలర్‌కి రంధ్రాలు వెయ్యాలి. అల్యూమినియం ట్రైలరైతే లోపలివైపు బందోబస్తు పలక పెట్టకుండా వెయ్యకండి, రేకు చిరుగుతుంది. ట్రైలర్‌ని బండి నుంచి విప్పేసి గుర్రాన్ని కడితే, ఖాళీ చిన్న ట్రైలర్‌ని గుర్రం కదిలించగలదు. బండికి తగిలించే ఉంచి, చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టండి. నంబరు ప్లేటు అంచు, చక్రం మీది రేకు, తలుపు కొక్కెం, ఇవన్నీ కాలికో కంటికో తగిలే ఎత్తులోనే ఉంటాయి. పాత రబ్బరు గొట్టం నిలువునా చీల్చి అంచులకి తొడిగితే చాలు.

దీని అసలు లోపం చప్పుడు. అర్ధరాత్రి రెండింటికి గుర్రం డెక్కతో రేకుమీద కొడితే, ప్రశాంతంగా ఉంటుందని వచ్చిన క్యాంపు మొత్తం లేచి కూర్చుంటుంది. చాలా క్యాంపుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాలన్న నియమం ఉంది. రేంజరుకీ పొరుగువాళ్లకీ గుర్రం తరఫున మీరే సంజాయిషీ చెప్పుకోవాలి. తన్నే అలవాటున్న గుర్రానికి ఇది కొనకండి.

మడత కంచె

గుర్రం సుఖం ఒక్కటే చూస్తే దీనికే మొదటి మార్కు. పడుకుంటుంది, దొర్లుతుంది, నాలుగడుగులు తిరుగుతుంది, పొద్దున్నే కాళ్లు వాచి ఉండవు. ఆరడుగుల ప్యానెళ్లు ఎనిమిది పేరిస్తే 12 అడుగుల చదరం వస్తుంది, లాయంలో గది అంత. ముసలి గుర్రానికీ కీళ్లనొప్పులున్నదానికీ ఇదే కొనండి.

బరువూ చోటూ మాత్రం ఇబ్బంది. ఇనుపవైతే ట్రైలర్ పక్కన ప్రత్యేకంగా కొక్కేలు బిగించుకోవాలి. ప్లాస్టిక్ గొట్టాలవి తేలిక. ఆ తేలికదనమే వాటి బలహీనత. నేలలోకి దిగని కంచె ఏదైనా కంటికి మాత్రమే గోడ. పిర్ర రుద్దుకుంటే మొత్తం కంచె జరుగుతుంది, బెదిరిన గుర్రం ఛాతీతో తోస్తే కంచెతో సహా నడిచిపోతుంది. ఒక వైపు ట్రైలర్‌కి గట్టిగా కట్టండి, మూలల్లో మేకులు దింపండి. అడుగు కడ్డీకీ నేలకీ మధ్య సందు డెక్క దూరేంత ఉండకూడదు. వాలు నేలమీద ఒక మూల ఎప్పుడూ లేచి ఉంటుంది, పడుకున్న గుర్రం కాలు దూరేది ఆ సందులోకే. చదును లేని కొండ క్యాంపుకి ఇది సరిపడదు. పైగా కొన్ని క్యాంపుల్లో ప్యానెళ్లు పరిచేంత చోటే ఇవ్వరు. బుక్ చేసే ముందే అడగాలి.

కరెంటు కంచె

పేపరు మీద లెక్క బ్రహ్మాండంగా ఉంటుంది. పది మీటర్ల చదరానికి చుట్టుకొలత 40 మీటర్లు, రెండు వరసలకి 80 మీటర్ల టేపు, కాలితో తొక్కి దింపే కర్రలు పన్నెండు, ఒక బ్యాటరీ యంత్రం. ఇవన్నీ కలిపినా మడత కంచెలో మూడు ప్యానెళ్ల బరువుండదు. రెండు గుర్రాలు మేస్తూ తిరుగుతాయి.

కొండ మీద చెడేది ఎర్తింగ్. గుర్రం టేపుని తాకినప్పుడు కరెంటు దాని ఒంట్లోంచి నేలలోకి దిగి, నేల మీదుగా యంత్రపు ఎర్త్ కడ్డీకి తిరిగి రావాలి. ఎండిపోయిన రాతినేలలో ఆ దారి మూసుకుపోతుంది. యంత్రం టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది, గుర్రానికి మాత్రం చురుక్కుమనదు. కడ్డీని తడినేలలో రెండడుగులు దింపండి, చుట్టూ బకెట్టు నీళ్లు పొయ్యండి. అయినా రాకపోతే, కింది వరసని ఎర్త్‌కి కలపండి. రెండు వరసలూ ఒకేసారి తాకితే షాక్ తగులుతుంది. కొలిచే మీటరు లేకుండా ఈ కంచె కొనకండి. గుర్రాలకి కనీసం మూడు వేల వోల్టులు చూపించాలి. గడ్డి తాకే చోటల్లా వోల్టేజి కారిపోతుంది.

ఇంకో సంగతి, అడవి జంతువులకి మీ కంచె సంగతి తెలియదు. స్మోకీ పార్కులోని కాటలూచీ లోయలోకి ఎల్క్‌లని, అంటే ఒక జాతి పెద్ద దుప్పుల్ని, 2001లో మళ్లీ తెచ్చి వదిలారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మగవి జతకోసం అరుస్తూ చీకట్లో తిరుగుతాయి. ఒక్కటి అడ్డంగా పరుగెత్తితే టేపు తెగి, కర్రలు పడి, మీ గుర్రాలు రోడ్డు మీద ఉంటాయి. మీరు మెలకువగా ఉన్నప్పుడు సాయంత్రం మేపుకి మంచి సాధనం, రాత్రికి మాత్రం కాదు. ముందరికాళ్లకి బంధం వేసి వదలడం, గూటానికి ఒంటికాలు కట్టడం కూడా ఈ కోవలోవే. అలవాటున్న గుర్రానికి, పగటిపూట, మనిషి కళ్లముందు. జనం ఉన్న క్యాంపులో రాత్రికి కాదు.

నీళ్లు, మేత, లద్దె

కట్టు ఏదైనా దాని కింద జరిగేది ఒకటే. గుర్రం రోజుకి 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది. రెండు గుర్రాలు, రెండు రోజులు అంటే పైలెక్కన 160 లీటర్లు, అంటే 160 కిలోల బరువు. క్యాంపులో కుళాయి ఉందో లేదో ముందే తెలుసుకుంటే ఈ బరువు తప్పుతుంది. కొత్త నీళ్ల రుచి నచ్చక కొన్ని గుర్రాలు మూతి కూడా ముంచవు. నీళ్లు తాగని గుర్రానికి ఎండుగడ్డి పేగులో గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. బయలుదేరడానికి వారం ముందునుంచే ఇంటి నీళ్లలో కాస్త ఆపిల్ రసం కలిపి అలవాటు చేస్తే, అక్కడా అదే రసం కలిపినప్పుడు తేడా తెలియదు. బకెట్టు మీదే వాడండి, పొరుగువాళ్ల బకెట్టులో ముంచనివ్వకండి. స్ట్రాంగిల్స్ లాంటి అంటురోగాలు అలాగే వస్తాయి.

మోకు కింద నిలబడ్డ గుర్రానికి నీళ్లు మధ్యరాత్రి ఒకసారి చూపించాలి. బకెట్టు అక్కడే వదిలితే తన్నేస్తుంది, లేదా పిడిలో కాలు దూరుస్తుంది.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. సవారీ లేని రోజైనా 450 కిలోల గుర్రానికి ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండుగడ్డి పడాలి. కొలరాడో, మోంటానా, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల జాతీయ అడవుల్లో కలుపు విత్తనాలు లేవని ధ్రువీకరించిన గడ్డే తీసుకెళ్లాలి. వల సంచిలో గడ్డి వేలాడదీస్తే, నిండుగా ఉన్నప్పటి ఎత్తు కాదు, ఖాళీ అయ్యాక ఎంత కిందికి దిగుతుందో చూడండి. మోకాలి ఎత్తుకి దిగితే డెక్క ఇరుక్కుంటుంది. నేలమీద పరిచినట్టు వెయ్యడమే తేలిక. దాణా, గుళికలు మాత్రం ట్రైలర్‌లో తాళం వేసి పెట్టండి. ఎలుగుబంటికి బెల్లపు పాకం కలిపిన దాణా అంటే విందుభోజనమే.

ఒక్కో గుర్రం రోజుకి ఇరవై కిలోలకి పైగా లద్దె వేస్తుంది. పళ్ల పార, లోతైన ప్లాస్టిక్ తట్ట తప్పనిసరి. కుప్ప పోసే చోటు క్యాంపులో చూపిస్తే అక్కడే పోయాలి, లేకపోతే ఇంటికి మోసుకెళ్లాలి.

వెళ్లే ముందు

స్మోకీ పార్కులో బండితో వెళ్లగలిగే హార్స్ క్యాంపులు ఐదు: ఆంథొనీ క్రీక్, బిగ్ క్రీక్, కాటలూచీ, రౌండ్ బాటమ్, టో స్ట్రింగ్. మామూలు క్యాంపుల జనంతో పోలిస్తే చాలా చిన్నవి, ఆ ప్రశాంతత అందుకే. అట్లాంటా నుంచో షార్లెట్ నుంచో ట్రైలర్‌తో ఒక పూట ప్రయాణం. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను తూర్పు వైపు రోడ్లని బాగా దెబ్బతీసింది. బిగ్ క్రీక్, కాటలూచీ తెరిచి ఉన్నాయో లేదో బుక్ చేసే రోజున పార్కు వెబ్‌సైట్లో చూడండి. రౌండ్ బాటమ్‌కి ఫోనులో మ్యాపుని నమ్మి వెళ్లకండి. బాల్సమ్ కొండ మీదుగా హైంటూగా నుంచి దిగే మట్టిరోడ్డు ఒకవైపు ప్రయాణానికే, దానిమీద ట్రైలర్లకి ప్రవేశం లేదు. చెరొకీ ఊరి నుంచి బిగ్ కోవ్ రోడ్డు పట్టుకోవాలి. గుర్రాలు కట్టే కొయ్యలు క్యాంపులో ఉంటే వాటికే కట్టమనవచ్చు, హైలైన్‌కి అనుమతి ఉందా అని ముందే అడగండి. వంటచెరకు ఇంటినుంచి తేకండి, వేడిచేసి ధ్రువీకరించిన కట్టెలనే 2015 నుంచి లోపలికి రానిస్తున్నారు.

రాష్ట్రం దాటుతుంటే ఏడాదిలోపు చేయించిన కాగిన్స్ పరీక్ష కాగితం, పశువైద్యుడిచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం దగ్గరుండాలి. కాగిన్స్ అన్నది రక్తం పీల్చే ఈగల ద్వారా పాకే ఒక రక్తవ్యాధికి చేసే పరీక్ష. ఆ కాగితం లేకపోతే కొన్ని క్యాంపుల్లో గుర్రాన్ని దించనివ్వరు.

తిరుగు ప్రయాణంలో హైలైన్ విప్పాక గుర్రాలు గోకిన గుంటలు పూడ్చి, పక్కకి పోయిన ఆకులు మళ్లీ పరచండి. ఒకే చోట రెండు రాత్రులు దాటి కట్టొద్దు, మూడో రాత్రికి వేరే జత చెట్లు చూసుకోవాలి. ఇంటికెళ్లాక మోకుని నీళ్లలో జాడించి, నీడన ఆరేసి, మూరమూరా వేళ్లమధ్య లాగి చూడండి. ఎక్కడైనా పై అల్లిక దారాలు లేచి, లోపలి తెల్లటి పోగు కనబడితే అది ఇక హైలైన్‌కి పనికిరాదు. గడ్డిమోపులు కట్టుకోండి.